బావగారూ, ఆ ప్రశ్న అడగకూడదు

మొన్న ఒక శనివారం ఉదయం మా కోడలు వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో ఉప్మా కలుపుతూ రెండో చేత్తో ఏదో వీడియో నడిపిస్తోంది. ఏటా ఆఫీసువాళ్ళు తప్పనిసరిగా చేయించే ట్రెయినింగట. ఆఫీసులో ఎవరితో ఎలా మాట్లాడాలి, ఏది అడగవచ్చు, ఏది అడగకూడదు అని వరసగా పాఠాలు, ఒక్కో పాఠం చివర ఒక ప్రశ్న. తెర మీద ఒక మేనేజరు కడుపుతో ఉన్న ఉద్యోగినిని కూర్చోబెట్టి, నువ్వు ఈ ప్రాజెక్టు వదిలేసి హాయిగా విశ్రాంతి తీసుకో అని ఎంతో ఆప్యాయంగా చెబుతున్నాడు. ఇది తప్పా, ఒప్పా అని అడిగారు. మా కోడలు తెరవైపు సరిగా చూడనైనా చూడకుండా తప్పు అని నొక్కేసి, నావైపు తిరిగి నవ్వింది. "సీరియస్లీ అత్తయ్యా, నిజంగా ఇలా ఎవరైనా చేస్తారా? సో సిల్లీ!"

ఎందుకు చేయరూ, మా బావగారు చేశారు అని నోటిదాకా వచ్చింది. కానీ అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లకు ఆ కథ ఉప్మా ఉడికేలోపల చెప్పి ఒప్పించగలిగేది కాదు. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్న నా ఈడువాళ్ళయితే సగం చెప్పేసరికి మిగతా సగం వాళ్ళే అందుకుంటారు. అందుకని జీడిపప్పు వేయించి ఆమెకిచ్చి, కథ మాత్రం మీకోసం దాచుకున్నాను.

గుంటూరులో లా చదివి, పెళ్ళికి ముందు కొన్నేళ్ళు ఒక సీనియర్ లాయరుగారి దగ్గర లేబర్ కోర్టు కేసులు చూసినదాన్ని నేను. పొగాకు గోడౌన్లలో, స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళ తరఫున వాదించడం మా సీనియరుకు ఇష్టం, ఆయన వెనక కాగితాల కట్టలు మోస్తూ ఆ వాదనలు వినడం నాకు ఇష్టం. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక నల్లకోటు అట్టపెట్టెలోకి వెళ్ళింది కానీ, వాదించే అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదని మా ఆయన ఇప్పటికీ అంటూ ఉంటారు. మా అబ్బాయి స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టగానే నేనూ కమ్యూనిటీ కాలేజీలో చేరి, ఇక్కడి ఉద్యోగ చట్టాల మీద కోర్సులు చేశాను. చట్టాల పేర్లు మారతాయి తప్ప యజమానికీ పనిచేసేవాళ్ళకీ వచ్చే గొడవలు ఎక్కడైనా ఒకటేనని ఆ క్లాసులో కూర్చున్న మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది.

మా బావగారు, అంటే మా ఆయనకు స్వంత అన్నగారు, అప్పటికి షాంటిలీ అనే ఊళ్ళో చిన్న సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కంపెనీ నడుపుతున్నారు. రూట్ ఫిఫ్టీ రోడ్డుకి కాస్త లోపలగా, కింద ఇండియన్ కిరాణా కొట్టు, పైన మా ఆఫీసు. గురువారం కింద కూరగాయల లారీ వచ్చిందంటే పైన మా ఫైళ్ళకు కూడా కరివేపాకు వాసన పట్టేది. రెండువేల ఒకటో సంవత్సరం తరువాత చుట్టుపక్కల ఎంతోమంది కుర్రాళ్ళ ఉద్యోగాలు పోయి, వీసా గడువు తలచుకుని గడగడలాడుతూ ఉంటే, వాళ్ళను పిలిచి తన కంపెనీలో చేర్చుకుని, ప్రాజెక్టు దొరికేదాకా తన ఇంటి బేస్‌మెంటులో ఉంచుకుని అన్నం పెట్టిన మనిషి ఆయన. ఆయన మంచితనం గురించి నేను పూర్తిగా ప్రమాణం చేసి చెప్పగలను. ఆ మంచితనంతోనే నాకు రోజూ తలనొప్పి.

నన్ను హెచ్.ఆర్. చూడమని పిలిచింది ఆయనే. చేరిన మొదటి రోజే ఆయన చేసే ఇంటర్వ్యూ ఒకటి పక్కన కూర్చుని చూశాను. మొదటి ప్రశ్న, మీదే ఊరు. ఊరు చెప్పగానే, ఆ ఊళ్ళో ఫలానా మాస్టారు మీకేమవుతారు, మీ ఇంటిపేరేమిటి, నాన్నగారేం చేస్తారు, పెళ్ళయిందా, కాకపోతే ఎందుకు కాలేదు, అయితే పిల్లలెంతమంది, వంట నువ్వే చేసుకుంటావా. ఇవన్నీ తీరుబడిగా అయ్యాక, లేవబోతూ లేవబోతూ, అవునుగానీ నీకు జావా వచ్చా అని అడిగారు. వచ్చిన కుర్రాడు కూడా ఏమాత్రం నొచ్చుకోకుండా, తన బాబాయి తోడల్లుడిది మా పక్క ఊరేనని సంతోషంగా చెప్పి వెళ్ళాడు.

అతను మెట్లు దిగాక నేను తలుపు వేసి మొదలుపెట్టాను. ఈ దేశంలో ఉద్యోగానికి వచ్చినవాళ్ళను పెళ్ళి, పిల్లలు, కడుపు, మతం, పుట్టుక గురించి అడగకూడదని చెప్పాను. అడిగినంత మాత్రాన జైల్లో వేస్తారని కాదు. అడిగిన తరువాత ఏ కారణం చేతనైనా ఉద్యోగం ఇవ్వకపోతే, అందుకే ఇవ్వలేదని అవతలివాళ్ళు అన్ననాడు మన దగ్గర జవాబు ఉండదు. ఇక ఊరూ ఇంటిపేరూ అడిగి, మనవాళ్ళా కాదా అని లోపల లెక్క వేసుకునే అలవాటు మనవాళ్ళలో ఎంతమందికుందో నాకూ తెలుసు, బావగారికీ తెలుసు. ఆయనకు అది లేకపోయినా, ఆ ప్రశ్నకు ఆ వాసన ఉంది. ఇదంతా విని ఆయన నిజంగానే దిగాలు పడిపోయారు. "మరైతే మనిషితో ఏం మాట్లాడాలమ్మా? వాన పడుతుందా, మంచు పడుతుందా అనా?" అన్నారు. జావా గురించి మాట్లాడండి బావగారూ అన్నాను.

అలా మొదలైంది మా ఇద్దరి మధ్య యుద్ధం. యుద్ధమంటే మరీ పెద్దమాట, కానీ ఆ రోజుల్లో ఆయన నోటి వెంట ఒక ప్రశ్న సగం రాగానే నేను దగ్గడం, ఆయన తడబడి వాతావరణంలోకి దిగడం ఆఫీసంతటికీ వినోదంగా ఉండేది. ఉద్యోగుల హక్కులు అందరికీ కనబడేలా గోడకు పెట్టాలన్న నియమం ప్రకారం నేను ఒక పెద్ద పోస్టరు తెచ్చి కాఫీ కాచుకునేచోట వేంకటేశ్వరస్వామి కేలండరు పక్కన అంటించాను. ఆ ఏడు దసరాకు సర్వర్లకూ ప్రింటరుకూ బొట్టు పెడుతూ వచ్చిన బావగారు ఆ పోస్టరుకు కూడా నాలుగు మూలలా పసుపు కుంకుమ అద్ది దండం పెట్టారు. ఎగతాళికి కాదు, భయం చేత. దానిలో ఏమి రాసి ఉందో మాత్రం చదవలేదు.

అప్పటికి మేం ఇంకా చిన్నవాళ్ళం. మనుషులు పదిహేను మంది లేని కంపెనీల జోలికి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు, వివక్ష నిరోధక చట్టాలు చాలావరకు రావు. అందుచేత నేనెంత మొత్తుకున్నా బావగారికి అదంతా పెద్ద కంపెనీల గొడవలాగే అనిపించేది. పదిహేనో మనిషి చేరిననాడు ఆయన కింద కొట్టులోంచి కాజాలూ లడ్డూలూ తెప్పించి, కంపెనీ పెద్దదైందని అందరికీ పంచారు. నేను లడ్డూ తింటూనే, ఇవాళ్టి నుంచి మనం చట్టం గడప లోపలికి వచ్చాం బావగారూ, ఇక జాగ్రత్త అన్నాను. శుభమా అని పండగ చేస్తుంటే లాయరు మాటలేమిటమ్మా అని విసుక్కున్నారు.

ఆ పదిహేనుమందిలో ఒక నెల్లూరు అమ్మాయి ఉండేది. మాట తక్కువ, పని ఎక్కువ. మా క్లయింటు ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ. వాళ్ళ పాత క్లెయిముల వ్యవస్థను తీసి కొత్తది కట్టే పనిలో ఆమె మొదటినుంచీ ఉంది. ఆ పిల్ల లేకపోతే ఆ ప్రాజెక్టులో ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్ళే లేరని క్లయింటు మేనేజరు, ఒక నడివయసు అమెరికన్ ఆవిడ, నాతో స్వయంగా చెప్పింది. కొత్త వ్యవస్థ నడవడం మొదలయ్యే రోజుకు ఈ అమ్మాయినే టీమ్ లీడ్ చేస్తామన్నారు కూడా. ఆ అమ్మాయి భర్త డిపెండెంట్ వీసా మీద ఉన్నాడు కనుక ఉద్యోగం చేయడానికి లేదు. ఆమె వీసా పొడిగింపు సమయం దగ్గర పడుతోంది. చేతిలో మంచి ప్రాజెక్టు, పైన లీడ్ అన్న పేరు ఉంటే తరువాతి మెట్లన్నీ తేలిక. ఆ కాపురం మొత్తం ఆ ఒక్క పిల్ల పని మీద నిలబడి ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఒక ఆదివారం బావగారింట్లో భోజనాలు. నెలకోసారి ఆఫీసువాళ్ళందరినీ కుటుంబాలతో పిలవడం వాళ్ళింటి ఆనవాయితీ, ఒక్కొక్కరూ ఒక్కో వంట పట్టుకొచ్చేవారు. మా తోడికోడలు, అంటే బావగారి భార్య, నేను అక్కయ్యా అని పిలిచే ఆవిడ, పొయ్యి మీద ఇంగువ తాలింపు వేయగానే ఆ నెల్లూరు అమ్మాయి పైట నోటికి అడ్డం పెట్టుకుని ఇంటి వెనక ఆరుబయట డెక్ మీదికి వెళ్ళిపోయింది. మా అక్కయ్యకు ఇంకేం చెప్పాలి? ఎవరూ ఏమీ అడగకుండానే, సాయంత్రానికల్లా సంగతి బావగారి చెవిన పడింది. ఆయన ముఖం చూసి నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది. సంతోషపడతారనుకున్నాను. సంతోషపడ్డారు కూడా, కానీ దాని వెనకనే ఏదో కంగారు కనిపించింది.

ఆ మర్నాటినుంచీ ఆ పిల్ల ఇంటికి పులిహోర, దద్ధ్యోదనం, నిమ్మకాయ ఊరగాయ ఏదో ఒకటి వెళ్ళడం మొదలైంది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! అయిదో నెల వచ్చిందని తెలిసిన రోజున బావగారు ఎవరితోనూ చెప్పకుండా క్లయింటుకు ఫోన్ చేసి, వచ్చే నెలనుంచి ఆ అమ్మాయి రాదు, ఆమె బదులు ఒక మంచి కుర్రాణ్ణి పంపుతున్నాను, మీ పనికేమీ లోటు రానివ్వను అని చెప్పేశారు. తరువాత ఆ అమ్మాయికి ఫోన్ చేసి, తల్లీ, పురుడు వచ్చేదాకా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చో, నీ జీతం నేనిస్తాను, ఏ దిగులూ పెట్టుకోకు అన్నారు. చేతిలో ఉన్న పెద్ద పని అయిపోయినవాడిలాగా ఆ రోజు కాఫీ రెండుసార్లు తాగారు.

నెల్లూరు అమ్మాయి మరుసటి రోజు మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఏడవలేదు. కళ్ళు మాత్రం రాత్రంతా నిద్ర లేనట్టు ఉన్నాయి. "అంకుల్‌ది తప్పని నేను అనను ఆంటీ. మా నాన్న ఉన్నా అదే చేసుంటాడు. కానీ ఆ సిస్టమ్ నేను కట్టా. గో-లైవ్ రోజు నేను లేకపోతే ఎట్టా?" అంది. స్నేహితులెవరో ఫెడరల్ ఆఫీసులో కంప్లయింట్ ఇమ్మన్నారట. అన్నం పెట్టిన మనిషి మీద కేసెట్టా వేసేది ఆంటీ అని తల దించుకుంది. ఆమెకు జీతం ఎక్కువ వద్దు, పరిహారమూ వద్దు, తన పని తనకు కావాలి, అంతే. పొగాకు గోడౌన్ల ఆడవాళ్ళు మా సీనియరు ముందు కూర్చుని అడిగింది కూడా చాలాసార్లు అంతే.

నేను బావగారి గదిలోకి వెళ్ళి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. పని చేయగలిగి, చేస్తానంటున్న ఆడమనిషిని కడుపుతో ఉందన్న ఒక్క కారణంగా పనిలోంచి తీసేయడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. జీతం ఇచ్చి కూర్చోబెట్టినా సరే, ప్రేమతో చేసినా సరే, తప్పు తప్పే. డాక్టరు వద్దంటే ఆమె మానుతుంది, మానుతానని ఆమె అంటే మానుతుంది, మధ్యలో మనకు మాట లేదు. ఇదే ఆమె కాకుండా ఇంకెవరైనా అయితే ఈపాటికి మనకు నోటీసు వచ్చి ఉండేది, మనం చేసిన ఆ ఒక్క ఫోనే మనకు వ్యతిరేకంగా సాక్ష్యం అన్నాను. ఇంతా చెప్పాక ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. అయితే పురిటి సెలవు ఇవ్వమని ఈ చట్టం మనల్ని అడుగుతోందా అన్నారు. నిజం చెప్పాలి గనక చెప్పాను. యాభైమంది లేని కంపెనీ సెలవు ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం అడగడం లేదు.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అంటే సెలవివ్వకపోతే తప్పు లేదు, విశ్రాంతి తీసుకోమంటే తప్పా! అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఏం చట్టమమ్మా ఇది?" అన్నారు. ఆ మాటలో న్యాయముందని నాకూ తెలుసు. లాయరు బుద్ధి కనుక పైకి ఒప్పుకోలేదు. చట్టంలో లోటుంటే లోటు, కానీ ఉన్నంతవరకు అది ఆ పిల్ల పక్షాన ఉంది, మీరూ ఉండండి అన్నాను. ఆయన వినలేదు. ఆ రోజు ఆయన అన్న ఆఖరి మాట ఇంకా నా చెవిలో ఉంది. రేపు ఆ బిడ్డకు ఏదైనా అయితే ఆ పాపం మీ చట్టం మోస్తుందా అన్నారు.

ఈలోగా క్లయింటు మేనేజరు నాకు ఫోన్ చేసింది. మీవాళ్ళు ఆ అమ్మాయిని మారుస్తామంటున్నారు, ఇది ఆమె అడిగిందా, మీరే నిర్ణయించారా అని మర్యాదగానే అడిగింది. మీరే నిర్ణయిస్తే ఇందులో మేమూ చిక్కుకుంటాం కనుక మా లీగల్‌వాళ్ళతో మాట్లాడాలి, సోమవారం పొద్దునకల్లా సంగతి తేల్చమంది. తేలకపోతే ఆ అమ్మాయి చోటే కాదు, ఆ క్లయింటు దగ్గర మా కంపెనీ మాటే పోయేట్టుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనని, నాకు కోపం, బావగారి మీద జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. అయినా ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. సోమవారం పొద్దున ఆ పిల్ల తన కుర్చీలోనే కూర్చోవాలి. కూర్చోకపోతే నేను చదివిన చదువు రెండు దేశాల్లోనూ దండగే.

ఆదివారం మా ఆయనను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మళ్ళీ అదే వాదన, అవే మాటలు. మా ఆయన అన్నగారి ముందు పెదవి విప్పే రకం కాదు, టీవీలో ఆట చూస్తున్నట్టు నటిస్తున్నారు. మా అక్కయ్య బల్ల దగ్గర గోరుచిక్కుళ్ళు గిల్లుతూ అంతా వింటోంది. ఆవిడ భర్త మాటకు ఎదురు చెప్పడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా పెద్దగా చూడలేదు. ఆ రోజు మాత్రం చేతిలో కాయలు పక్కన పెట్టి మాట్లాడింది.

"ఆ మోటెల్లో నాకు ఆరో నెల. పరుపులెత్తలేకపోతున్నాను, మానేస్తానండీ అన్నాను. ఇంకొక్క నెల ఓపిక పట్టమన్నారు మీరు. ఇప్పుడు ఈ పిల్ల చేస్తానంటే మానెయ్యమంటున్నారు. అప్పుడూ నా మాట వినలేదు, ఇప్పుడూ దాని మాట వినడం లేదు. బాధ మాదైనప్పుడు మాట మీదెందుకవుతుంది?"

వాళ్ళకు పిల్లలు లేరని మాత్రమే మాకు తెలుసు. అమెరికా వచ్చిన కొత్తలో ఎక్కడో దక్షిణాదిన ఎవరిదో మోటెల్లో ఇద్దరూ పనిచేశారనీ తెలుసు. ఆ రెండిటి మధ్య ఏమి జరిగిందో మా ఆయనకు కూడా అంతవరకు తెలియదు. బావగారు కిటికీ దగ్గరకు వెళ్ళి వీపు మావైపు పెట్టి నిలబడ్డారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. చట్టం నేను చెప్పినంతసేపూ ఎవరో పరాయివాళ్ళు వచ్చి తన ఇంట్లో పెత్తనం చేస్తున్నట్టు ఆయనకు అనిపించింది కాబోలు. అదే మాట భార్య నోట వచ్చేసరికి ఇక ఎదురు లేకపోయింది. మా సీనియరు గారు ఎన్ని కేసులు గెలిచినా ఇంత చిన్న వాదనతో గెలిచి ఉండరు.

సోమవారం తెల్లవారుతూనే బావగారు నన్ను కారులో ఎక్కించుకుని ఆ అమ్మాయి అపార్ట్‌మెంటుకు వెళ్ళారు. దారి పొడుగునా నేను ఆయనకు ఒకే ఒక వాక్యం నేర్పించాను. విశ్రాంతి తీసుకో అనకండి, బరువులెత్తకు అనకండి, బిడ్డ మాట ఎత్తకండి, నీకు మా నుంచి ఏం కావాలో చెప్పమ్మా అని అడిగి, ఆమె చెప్పింది వినండి. పరీక్షకు వెళ్ళే పిల్లవాడిలాగా ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ వల్లించారు. తీరా తలుపు తెరవగానే, తప్పయిపోయింది తల్లీ అని ముందు చేతులు జోడించి, తరువాత ఆ వాక్యం అన్నారు. ఆ పిల్ల కంగారుపడి అయ్యో అంకుల్ అంటూ ఆయన చేతులు పట్టుకుంది. ఏం కావాలని అడిగితే, క్లయింటు బిల్డింగు తలుపుకు దగ్గరగా కారు పెట్టుకునే చోటు ఇప్పించమంది. అంతే! ఆ చిన్న కోరిక విని బావగారు నావైపు వింతగా చూశారు.

క్లయింటుకు ఫోన్ వెళ్ళింది. ఆ పిల్ల తన కుర్చీలోనే కూర్చుంది. కొత్త వ్యవస్థ నడవడం మొదలైన వారాంతం ఆమె టీమ్ లీడ్‌గా అక్కడే ఉండి, ఏ గొడవా లేకుండా నడిపించిందని మేనేజరు నాకు ప్రత్యేకంగా చెప్పింది. తరువాత ఆడపిల్ల పుట్టింది. చట్టం అడగకపోయినా మా కంపెనీలో పురుడు వచ్చినవాళ్ళకు జీతంతో సెలవు ఇవ్వాలని ఆ ఏడే నియమం రాశాను. ఎప్పటినుంచి, ఎన్నాళ్ళు అన్నది ఆమె ఇష్టం అని అందులో స్పష్టంగా పెట్టాను. బావగారు చదవకుండా సంతకం చేయబోతే, చదివించి మరీ చేయించాను. అది రాసినందుకు నాకు ఈనాటికీ గర్వమే.

ఆ తరువాత కంపెనీ బాగా పెరిగింది. కరివేపాకు వాసన వదిలి అద్దాల బిల్డింగులోకి మారాం. ఇంటర్వ్యూలకు ప్రశ్నలు నేనే రాసేదాన్ని, మేనేజర్లకు పాఠాలు నేనే చెప్పేదాన్ని. కేసు అన్న మాట మా గడప తొక్కలేదని ఎక్కడైనా తలెత్తుకుని చెప్పగలను. బావగారు నా విద్యార్థులందరిలోకీ బుద్ధిమంతులుగా తయారయ్యారు. ఊరి పేరు అడగడం మానేశారు, పెళ్ళి మాట మానేశారు. మనుషులు ఎక్కువయ్యాక ఆదివారం భోజనాలు కూడా మెల్లగా తగ్గాయి. ఎవరిని పిలిస్తే ఎవరికి కోపమో, పిలవడం కూడా ఒక రకం పక్షపాతమవుతుందేమోనని ఆయనే నన్ను అడిగి మానేశారు. నేను అవుననలేదు, కాదనలేదు.

కంపెనీని ఇంకెవరికో అమ్మేయడానికి కొన్నేళ్ళ ముందు, ఒక మధ్యాహ్నం ఆ నెల్లూరు అమ్మాయి మా ఇద్దరం ఉన్న గదిలోకి వచ్చింది. అప్పటికి ఆమె కింద చాలామంది పనిచేస్తున్నారు. ఆఫీసులో ఎవరికీ చెప్పకముందే, మొదట మా దగ్గరికే వచ్చానని చెప్పి, సిగ్గుపడుతూ నవ్వి, రెండో బిడ్డ రాబోతున్నట్టు చెప్పింది. బావగారి ముఖం ఒక్కసారిగా వెలిగింది. నోరు తెరిచారు. అంతలోనే నావైపు చూసి, తెరిచిన నోరు మూసుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "కంగ్రాచ్యులేషన్స్ అమ్మా. మా నుంచి నీకేం కావాలో చెప్పు" అన్నారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

ఏమీ వద్దు అంకుల్, అంతా బాగానే ఉంది అంది ఆ అమ్మాయి. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి ఆయన వంక చూసింది. ఆయన మర్యాదగా తల ఊపారు. ఆమె కూడా తల ఊపి వెళ్ళిపోయింది. తలుపు పడ్డాక ఆయన నన్ను అడిగారు, సరిగ్గానే అన్నానా అమ్మా అని. సరిగ్గానే అన్నారు బావగారూ అన్నాను.

బావగారు ఇప్పుడు లేరు. ఇప్పటి ఆఫీసుల్లో ఎవరు ఏ ఊరివాళ్ళో, ఎవరికి నెలలు నిండుతున్నాయో, ఎవరింట్లో ఎవరు మంచంలో ఉన్నారో పక్క కుర్చీ మనిషికి తెలియదు. అందువల్ల ఎంతోమంది ఆడపిల్లల ఉద్యోగాలు నిలిచాయి, ఇంటిపేరు చూసి ముఖం చిట్లించే పెద్దమనుషుల నోళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెడితే నేను ఆ నియమాలే రాస్తాను, ఇంకా గట్టిగా రాస్తాను. కానీ చట్టం వద్దన్నది నాలుగు ప్రశ్నలనే, మేం భయపడి మానేసినవి నలభై. ఒంట్లో ఎలా ఉందమ్మా, అన్నం సయిస్తోందా అని ఆ పిల్లను అడగవద్దని ఏ చట్టంలోనూ లేదు. లేదని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గుమ్మం దగ్గర ఆమె ఆగింది ఆ మాట కోసమేనని కూడా నాకు తెలుసు. తెలిసి కూడా నేను అడగలేదు.